ఇరవైమూడో పేజీ

ఫ్యాక్టరీల్లో పనివాళ్లు ఆమెను గడియారం మేడం అనేవారు. ఆటల మాస్టారిలా మెడలో స్టాప్‌వాచ్ వేలాడేసుకుని, అట్టకు బిగించిన కాగితాలు చేత్తో పట్టుకుని, ఒక్కో మెషిన్ పక్కన మూడేసి రోజులు నిలబడేది కాబట్టి ఆ పేరొచ్చింది. ఆమె చేసేది కన్సల్టెంట్ పని. ఫ్యాక్టరీ ఎక్కడ కుంటుతోందో చూసి, ఏం చేస్తే సరిగ్గా నడుస్తుందో యజమానికి రాసివ్వటం. ఆ పని ఆమెకు అక్క మొగుడు నేర్పాడని చుట్టాలందరూ చెప్పుకునేవారు. బావ కూడా ఎవరైనా అడిగితే కాదనేవాడు కాదు.

బావకు కూడా ఒక పేరుంది, కంపెనీల డాక్టరని. అది ఆయన తనకు తానే పెట్టుకున్నాడు. మంచి కంఠం, మడత నలగని చొక్కా. యజమాని గదిలో కూర్చుంటే పది నిమిషాల్లో ఆ యజమాని ఏం వినాలనుకుంటున్నాడో పసిగట్టేవాడు. టీ వచ్చేసరికి అదే మాటను ఇంకొంచెం బరువుగా తిరిగి చెప్పేవాడు. యజమానులు మురిసిపోయేవారు. మెషిన్ల దగ్గరికి మాత్రం వెళ్లేవాడు కాదు. "బూట్లకి గ్రీజు అంటుతుందమ్మా, నువ్వెళ్లు," అనేవాడు.

తొమ్మిదేళ్లు ఆమె వెళ్లింది. నేర్చుకున్నదంతా అక్కడే నేర్చుకుంది. మొదటి సబ్బుల ఫ్యాక్టరీలో మేనేజరు వెంట తిరిగితే అంతా సవ్యంగానే కనబడింది. మర్నాడు షిఫ్టు మారే వేళకు వెనక గేటు నుంచి ఒక్కతే వెళ్లి, తూకం దగ్గర పనిచేసే ఆవిడ పక్కన నిలబడింది. ఆ రోజు ఏమీ అడగలేదు. రెండో రోజూ అడగలేదు. మూడో రోజు ఆవిడే విసుక్కుని, "ఏం చూస్తారండీ తూకాన్ని? అచ్చు అరిగిపోయి ఏడాదైంది, దాన్ని చూడండి," అంది. కన్సల్టెంట్ పనిలో అసలు కిటుకు అదొక్కటేనని ఆమెకు ఆనాడే అర్థమైంది. పనిచేసే చేతులకు అన్నీ తెలుసు. నోరు విప్పటమే ఆలస్యం.

ఇంకొక పాఠం చేదుగా నేర్చుకుంది. సబ్బుల ఫ్యాక్టరీకి తను రాసిన సలహానే ఆ యజమాని తన కొవ్వొత్తుల ఫ్యాక్టరీలోనూ పెట్టేశాడు. వారం తిరక్కుండా సరుకంతా కరిగి ముద్దయింది. అప్పటి నుంచి ప్రతి రిపోర్టు చివర ఆమె ఒక పేజీ చేర్చటం మొదలుపెట్టింది. దాని పైన 'ఈ సలహా ఎక్కడ పనికిరాదు' అని ఉండేది. బావకు ఆ పేజీ అంటే ఒళ్లుమంట.

"మన సరుక్కి మనమే వంక పెట్టుకుంటామా? ఎవరు చదువుతారు అదంతా?" అని, కొన్నిసార్లు యజమానికి ఇచ్చే ముందు ఆ పేజీని చించి పారేసేవాడు.

ఆమె చూస్తూ ఊరుకునేది. ఇంట్లో మనిషి, అక్క మొగుడు. ఏమంటుంది?

ఒకనాడు రంగుల ఫ్యాక్టరీలో మీటింగు జరిగింది. పెద్ద బల్ల చుట్టూ పన్నెండు మంది. బావ మాట్లాడటం అయ్యాక ఆ యజమాని ఆమె వైపు తిరిగి, "మీరేమంటారు మేడం?" అని అడిగాడు. తొమ్మిదేళ్లలో అలా అడిగిన మొదటి మనిషి. ఆమె నోరు తెరిచేలోపు బావ నవ్వేశాడు.

"ఆవిడ టైము చూసే మనిషండీ. బుర్ర పని నాది."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తర్వాత ఎప్పుడు గుర్తొచ్చినా, బావ అన్న మాటకంటే ఆ మాటకు తను నవ్వటమే ఆమెను ఎక్కువ కాల్చేది.

మూడు నెలల తర్వాత ఆఫీసుకు వెళ్లేసరికి ఇద్దరు మనుషులు నిచ్చెన వేసి కొత్త బోర్డు బిగిస్తున్నారు. పాత బోర్డు మీద బావ పేరు, ఆమె పేరు ఉండేవి. కొత్త దాని మీద బావ పేరు, బావ తమ్ముడి పేరు ఉన్నాయి.

"ఇదేంటి బావా?"

"వాడు ఇంట్లో ఊరికే కూర్చుంటున్నాడమ్మా. నలుగురిలో ఒక హోదా ఉండాలి కదా. నువ్వెక్కడికి పోతావు, మా మనిషివేగా. నీ కుర్చీ నీకుంది."

కుర్చీ ఉంది, నిజమే. కాకపోతే జెరాక్స్ మెషిన్ పక్కకు, బాత్రూం తలుపుకు ఎదురుగా జరిగింది.

అక్క దగ్గరికి వెళ్లి చెబితే, అక్క బట్టలు మడతపెడుతూ తల ఎత్తలేదు. "బోర్డు మీద పేరు కోసం బావతో గొడవెందుకే? సర్దుకుపో," అంది.

ఆమె సర్దుకున్నది తన సామానే. స్టాప్‌వాచ్, రెండు అట్టలు, తొమ్మిదేళ్ల రిపోర్టులున్న పెన్‌డ్రైవు. అవి సంచిలో వేసుకుని వచ్చేసింది.

ఆ తర్వాత రెండేళ్లు ఒక దర్జీ షాపు పైన చిన్న గది తీసుకుని పనిచేసింది. కింద మెషిన్లు తిరుగుతుంటే ఆమె బల్ల సన్నగా వణికేది. ఒక లాండ్రీ, ఒక ప్రింటింగ్ ప్రెస్సు, నీళ్ల క్యాన్లు నింపే షెడ్డు ఒకటి. అన్నీ చిన్న పనులే. బావ మాత్రం పెద్ద పెద్ద సభల్లో మాట్లాడుతున్నాడని అక్క ఫోన్లో చెప్పేది. ఒకసారి వీడియో కూడా పంపింది. బావ మైకు ముందు నిలబడి, "పనిచేసే చేతులకు అన్నీ తెలుసు," అంటున్నాడు. అది ఆమె సబ్బుల ఫ్యాక్టరీ రిపోర్టులో రాసిన మొదటి వాక్యం. ఆ రోజు గిన్నెలు తోముతూ తోముతూ ఒక గ్లాసు చేతిలోనే పగలగొట్టుకుంది. వేలికి కట్టు కట్టుకుంటూ, ఆయన ఎలా కూలితే తనకు చల్లగా ఉంటుందో ఊహించుకుంది. మనుషులందరి ముందు కూలాలి. నోట మాట రాకుండా కూలాలి. రెండేళ్లలో ఆ ఊహ మీద ఆమె పెట్టినంత శ్రద్ధ ఏ ఫ్యాక్టరీ మీదా పెట్టలేదు.

అలాంటి సమయంలో తలుపు తాళాలు తయారు చేసే ఫ్యాక్టరీ నుంచి పిలుపొచ్చింది. సరుకు ఆలస్యంగా బయటికి వెళ్తోందని యజమాని ఫిర్యాదు. ఆయన బావను కూడా పిలిచాడు. ఇద్దరూ చూసి చెప్పండి, ఎవరి మాట నచ్చితే వాళ్లకు పనిస్తానన్నాడు.

బావ ముందు గేటు నుంచి వచ్చి యజమాని గదిలో గంటసేపు కూర్చుని వెళ్లిపోయాడు. ఆమె వెనక గేటు నుంచి వెళ్లి చివరి షెడ్డులో ఆగింది.

అక్కడ ఒక పొడుగాటి బల్ల. దాని చుట్టూ ఆరుగురు ఆడవాళ్లు. తయారైన ప్రతి తాళం ఆ బల్ల మీదికొస్తుంది. రెండు తాళంచెవులూ పెట్టి తిప్పి చూసి, బాగుంటే పెట్టెలో పెట్టాలి. వాళ్లలో పెద్దావిడను అందరూ పెద్దమ్మ అంటారు. పెద్దమ్మ తాళాన్ని చెవి దగ్గర పెట్టుకుని తిప్పుతోంది. నాలుగు తాళాలు చకచకా పెట్టెలోకి వెళ్లాయి. అయిదో దాన్ని ఆపి, ఒళ్లో ఉన్న ఇత్తడి కడ్డీతో పక్కన చిన్న దెబ్బ వేసింది. నల్లటి పొడి చిటికెడు లోపలికి ఊది, మళ్లీ తిప్పి, పెట్టెలో పెట్టింది. మిగతా అయిదుగురూ అదే చేస్తున్నారు. ఆమె స్టాప్‌వాచ్ చూసుకుంది. ఒక్కో తాళానికి సగటున నలభై సెకన్లు.

మధ్యాహ్నం దాకా ఆమె ఏమీ అడగలేదు. తిండి వేళకు పెద్దమ్మే పక్కన చోటు చూపించింది.

"కూర్చోండమ్మా. పొద్దుట్నుంచి కాళ్లు పీకలేదూ?"

"మీరు తాళాలు చూడటం లేదు పెద్దమ్మా. బాగు చేస్తున్నారు."

పెద్దమ్మ అటూ ఇటూ చూసింది. "మెల్లగా అనండి. అయిదింటికి ఒకటి తిన్నగా రాదు. స్ప్రింగులు బిగించే షెడ్డులో మెషిన్ పాతదైపోయింది. ఆ మాట పైకి వెళ్తే అక్కడ పనిచేసే పిల్లల మీద పడతారు. అందుకని మేమే ఇక్కడ సరిచేసి పంపేస్తాం. పన్నెండేళ్లుగా ఇంతే. మీరు కూడా ఎక్కడా అనకండి. మీ మొహం చూసి చెప్పాను."

"అనను పెద్దమ్మా," అంది ఆమె.

బయటికొస్తూ మనసులోనే రిపోర్టు రాసేసుకుంది. ఆ బల్లను ముట్టుకోకూడదు. స్ప్రింగుల మెషిన్ మార్చాలి, ఎవరి పేరూ చెప్పకుండా. రెండు పేజీల పని.

మర్నాడు పొద్దున అక్క ఫోన్ చేసింది.

"ఏమే, ఆ మడతబందుల ఫ్యాక్టరీకి ఎప్పుడో రాశారే, ఆ రిపోర్టు నీ దగ్గరుందా? బావ కంప్యూటర్లో దొరకట్లేదట. నాకు పంపు, నేను ప్రింటు తీసిస్తాను. ఆయనడిగాడని చెప్పొద్దన్నాడు."

అంత కోపంలోనూ ఆమెకు నవ్వొచ్చింది. తలుపు మడతబందుల ఫ్యాక్టరీలో ఆఖరున ఇలాంటి బల్లే ఉండేది. ఒక్కో బందును పధ్నాలుగు సెకన్లు తిప్పి చూసేవారు. ఆ బల్ల దండగ, ఇరవైకి ఒకటి చూస్తే చాలు, అని ఆమే రాసింది. అక్కడ అది నిజం. మడతబందులో స్ప్రింగు లేదు, చెడటానికి ఏమీ లేదు. బావ దాన్నే పేర్లు మార్చి తాళాల యజమానికి ఇవ్వబోతున్నాడు.

"వెతికి పంపిస్తాలే అక్కా," అంది.

ఫైలు తెరిచింది. ఇరవైమూడు పేజీలు. చివరి పేజీలో తన మాటలు తనకే కనబడ్డాయి: 'స్ప్రింగు, తాళంచెవి, గేరు ఉన్న ఏ వస్తువుకూ ఈ సలహా వాడకూడదు. అలాంటి చోట ఆఖరి బల్ల దగ్గర ఏం జరుగుతోందో ముందు చూడాలి.'

ఎప్పటిలా బావ ఆ పేజీ చదవకుండానే పారేస్తాడని ఆమెకు తెలుసు. అయినా ఏ నూటికో కోటికో ఒకసారి చూస్తాడేమోనని భయం వేసింది. ఆ పేజీని తీసేసింది. మిగతా ఇరవైరెండూ అక్కకు పంపింది. తర్వాత తాళాల యజమానికి ఫోన్ చేసి, "ఈ నెల నాకు వీలుపడదండీ, డాక్టరుగారికే ఇవ్వండి, అనుభవమున్న మనిషి," అని చెప్పింది. ఆ రోజు చాలా కాలం తర్వాత కడుపునిండా తిన్నది.

నెల తిరిగేసరికి ఒక మధ్యాహ్నం మెట్ల మీద ఎవరో ఆయాసపడుతూ ఎక్కుతున్న చప్పుడైంది. పెద్దమ్మ. చేతిలో సంచి, మొహమంతా చెమట. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మా బల్ల తీసేశారమ్మా. ఆరుగురినీ ఇంటికి పంపేశారు."

రిపోర్టులో 'ఆరుగురు' అనే మాట పదకొండో పేజీలో ఉంటుంది. మడతబందుల ఫ్యాక్టరీలోనూ ఆరుగురే. కానీ అక్కడ వాళ్లను వేరే షెడ్డులోకి మార్చారు. ఇక్కడ మార్చటానికి షెడ్డు లేదు. ఫైలు పంపేటప్పుడు ఆ సంగతి ఆమెకు తట్టలేదు. లేదా తట్టినా పక్కకు నెట్టింది.

"ఆ కాగితంలో మా బల్ల సంగతంతా ఉందట," పెద్దమ్మ అంది. "ఒక్కో తాళానికి పధ్నాలుగు సెకన్లు పడుతోందని కూడా రాశారట. ఆ డాక్టరు మా షెడ్డు గడప తొక్కలేదు. సెకన్లు లెక్కపెట్టింది మీరొక్కరే. మీరే చెప్పారా?"

"పధ్నాలుగు కాదు కదా పెద్దమ్మా. మీకు నలభై పడుతుంది."

"అదే నేనూ అడుగుతున్నాను. అన్నం పక్కన కూర్చోబెట్టుకుని చెప్పినదాన్ని. ఎందుకిలా చేశారు?"

"నేను ఆయనకి మీ సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. ఒట్టు."

అది నిజమే. అందుకే చెప్పగలిగింది. పెద్దమ్మ ఆమె మొహంలోకి చాలాసేపు చూసి, నమ్మలేదో, నమ్మాలనుకోలేదో, మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆమె ఫోన్ తీసి తాళాల యజమాని నంబరు దాకా వెళ్లింది. ఇప్పుడు చెప్పేస్తే బల్ల మళ్లీ వేస్తారు. బావ, "పొరపాటైందండీ," అని నవ్వేసి, ఇంకో టీ తాగి, మాట మార్చేస్తాడు. ఎవరూ కూలరు. ఆమె ఫోన్ బోర్లా పెట్టింది. ఇంకొన్నాళ్లు ఆగితే ఆరుగురికీ తనే పని తిరిగి ఇప్పించవచ్చని తనకు తాను చెప్పుకుంది.

మూడు నెలలు ఆగింది.

కొత్తగా కట్టిన ఒక ఆడపిల్లల హాస్టల్‌కు ఆ ఫ్యాక్టరీ నుంచి రెండు వందల నలభై తాళాలు వెళ్లాయి. పిల్లలు దిగిన మొదటి పొద్దుటే నలభై మూడు గదుల తలుపులు తెరుచుకోలేదు. ఒకమ్మాయి పరీక్షకు వెళ్లాల్సి ఉండగా లోపల ఇరుక్కుపోయింది. వడ్రంగిని పిలిచి తలుపు పగలగొట్టేసరికి పరీక్ష అయిపోయింది. ఆ అమ్మాయి తండ్రి ఆ తాళాన్ని పట్టుకొచ్చి యజమాని బల్ల మీద విసిరేశాడట. ఆ వారంలోనే మరో మూడు చోట్ల నుంచి పెట్టెలకు పెట్టెలు వెనక్కొచ్చాయి.

యజమాని ఆమెకు ఫోన్ చేశాడు. "మేడం, మీకు వీలు లేకపోయినా రావాలి. డాక్టరుగారిని కూడా రమ్మన్నాను. ఎక్కడ చెడిందో ఆయన ముందే తేల్చండి."

ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లింది.

పొడుగాటి మీటింగు గది. యజమాని, ఆయన కొడుకు, ఇద్దరు మేనేజర్లు, బావ. ఆమె వెనక్కొచ్చిన తాళాల పెట్టె ఒకటి తెప్పించి బావ ముందు పెట్టించింది.

"ఒక్కసారి తెరవండి బావా."

బావ ఒకటి తీసి తిప్పాడు. రాలేదు. ఇంకొకటి తీశాడు. తాళంచెవి సగంలో ఇరుక్కుంది. నలుగురూ చూస్తున్నారు. మూడోది తిప్పుతుంటే వేలు ఎర్రబడింది. ఆయన చొక్కా కాలరు తడవటం ఆమె చూసింది. ఆ తడి పాకుతున్నంతసేపూ ఆమె నోరు తెరవలేదు. తొందరేమీ లేదు.

"ఆ బల్ల దగ్గర ఏం చేసేవారో మీకు తెలుసా?" అని అడిగింది చివరికి.

"తనిఖీ. రిపోర్టులో ఉంది కదమ్మా."

"బాగు చేసేవారు. అయిదింటికి ఒకటి. మీరెప్పుడైనా ఆ షెడ్డులోకి వెళ్లారా? అక్కడ కూర్చునే ఆరుగురిలో ఒక్కరి పేరు చెప్పండి చాలు."

బావ మేనేజర్ల వైపు చూశాడు. వాళ్లు బల్ల వైపు చూశారు. యజమాని తన ముందున్న రిపోర్టు తిరగేస్తూ ఒకచోట ఆగాడు.

"పదిహేడో పేజీ... 'మడతబందులకు జిడ్డు అంటకుండా'... మడతబందులేంటి డాక్టరుగారూ? మనం చేసేది తాళాలు కదా!"

యజమాని కొడుకు పకపకా నవ్వాడు. బావ మొహం మాడిపోయింది. అప్పుడు చిరాకంతా ఆమె మీదికి తిప్పాడు.

"ఇది ఈవిడ రాసిందేనండీ! అక్షరం అక్షరం ఈవిడదే. ఈవిడే పంపింది, అడగండి!"

గదిలో అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. ఇదే వస్తుందని ఆమెకు ముందే తెలుసు. సంచిలోంచి పాత రిపోర్టు తీసి యజమాని ముందు పెట్టింది.

"నాదే. మడతబందుల ఫ్యాక్టరీకి రాసింది. చివరి పేజీ చదవండి."

యజమాని గట్టిగా చదివాడు. స్ప్రింగు, తాళంచెవి అన్న మాటల దగ్గర ఆగి ఆగి చదివాడు.

"నాకొచ్చినదాంట్లో ఈ పేజీ లేదు!" బావ అరిచాడు.

"మీరు చివరి పేజీ ఎప్పుడుంచారు బావా?" ఆమె మెత్తగా అంది. "రంగుల ఫ్యాక్టరీలో చించలేదూ? కొవ్వొత్తులవాళ్ల దగ్గర చించలేదూ? ఎవరు చదువుతారు అదంతా అని మీరే కదా అనేవారు?"

బావ నోరు తెరిచాడు. మూశాడు. అలా చించిన రోజులు ఆయనకు గుర్తొస్తున్నాయని ఆమెకు ఆ కళ్లలో కనబడింది. ఇది కూడా తనే చించాడేమోనని ఆయనకే అనుమానం పుట్టింది. ఆమె రెండేళ్లు గిన్నెల దగ్గర నిలబడి ఊహించుకున్నదానికంటే అది బాగుంది. ఎదుటి మనిషి తన చేతులను తనే నమ్మలేకపోవటం.

సంగతి బయటికి పొక్కటానికి రెండు వారాలు పట్టలేదు. తక్కిన ఫ్యాక్టరీలవాళ్లు తమ రిపోర్టులు తీసి చూసుకున్నారు. ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ రిపోర్టులో సబ్బు అని మూడుచోట్ల ఉందట. బావ ఆఫీసు బోర్డు దించుతున్నారని తెలిసి, ఆమె పని మానుకుని ఆ వీధికి వెళ్లి ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడింది. నిచ్చెన వేసిన మనిషి ఒక్కో స్క్రూ తీసి జేబులో వేసుకుంటుంటే అన్నీ లెక్కపెట్టింది. ఎనిమిది. జాలి కలుగుతుందేమోనని చూసుకుంది. కలగలేదు.

ఆ వారంలో అక్క దర్జీ షాపు పైకి మొదటిసారి వచ్చింది. గది కలయజూసి, కిటికీ దగ్గర నిలబడింది.

"నువ్వు పంపింది నేనే ప్రింటు తీశాను. పేజీలు లెక్కపెట్టి పిన్ను కొట్టాను. ఇరవైరెండు."

"మరి బావకి చెప్పలేదా?"

"చెప్పలేదు."

"ఎందుకని?"

"తొమ్మిదేళ్లు నీకు జరిగేది చూస్తూ ఊరుకున్నాను. ఇప్పుడు ఆయనకి జరిగేది చూస్తూ ఊరుకున్నాను. మీ ఇద్దరికీ సమానంగా చేశాను." అక్క గొంతులో కోపం లేదు, అదే భయంగా ఉంది. "ఆయన రోజూ పాత అల్మారాలు తీసి ఆ పేజీ కోసం వెతుకుతున్నాడు. నువ్విక కొన్నాళ్లు మా ఇంటికి రాకు. నేనే రమ్మంటాను, ఎప్పుడో."

తాళాల ఫ్యాక్టరీ పని ఆమెకే వచ్చింది. మొదటి రోజే బల్ల మళ్లీ వేయించింది, స్ప్రింగుల మెషిన్ మార్పించింది. ఆరుగురిలో నలుగురే తిరిగొచ్చారు. ఒకామె ఊరు మారిపోయింది. ఇంకొకామె భర్త ఇక పనికి వద్దన్నాడట. పెద్దమ్మ వచ్చింది. తిండి వేళకు తనే వెతుక్కుంటూ వచ్చి ఆమె చేయి పట్టుకుంది.

"మిమ్మల్ని నానా మాటలూ అనుకున్నానమ్మా. మా ఇంట్లో, పక్కింట్లో, అందరి దగ్గరా తిట్టాను. మీరేమో మా కోసం నిలబడ్డారు. నా నోరు పడిపోను. తప్పయిపోయింది, మనసులో పెట్టుకోకండి."

తిట్టినా తట్టుకునేది. ఈ మాటలు తట్టుకోలేకపోయింది. బావను అందరి ముందు అంత నిబ్బరంగా ముంచిన మనిషి, ఈవిడ చేయి విడిపించుకోలేకపోయింది.

"పెద్దమ్మా, ఆ కాగితం నేనే పంపాను. తాళాలకి పనికిరాదని రాసిన పేజీ తీసేసి పంపాను. ఆయన మునగాలని. మీరు మా గదికొచ్చిన రోజే ఫోన్ చేస్తే బల్ల నిలబడేది. చెయ్యలేదు."

పెద్దమ్మ చేయి తీసేసుకుంది.

"మీకూ ఆయనకీ పడకపోతే మధ్యలో మా బల్ల దొరికిందా?"

ఆమె అవునన్నట్టు తల ఊపింది.

"మూడున్నర నెలలు," అంది పెద్దమ్మ. "నా కూతురు చదువు మానేసి షాపులో నిలబడింది. ఇప్పుడు మళ్లీ వెళ్లనంటోంది." టిఫిన్ డబ్బా మూత పెట్టుకుని, తన చోటికి వెళ్లి, ఇవతలికి వీపు పెట్టి కూర్చుంది.

పెద్దమ్మ యజమానికి చెబుతుందని ఆమె రోజూ ఎదురుచూసింది. చెప్పలేదు. పనివాళ్లకు చెప్పింది.

ఆ సంగతి ఆమెకు తెలియటానికి కొంత కాలం పట్టింది. తాళాల ఫ్యాక్టరీలో ఎవరి పక్కన నిలబడినా, "అంతా బాగానే ఉంది మేడం," అనేవారు. ఇక్కడ ఇంతేలే అనుకుంది. తర్వాత గొడుగుల ఫ్యాక్టరీ నుంచి పిలుపొచ్చింది, పెద్ద పని. వెనక గేటు నుంచి వెళ్లింది. గుడ్డ కోసే బల్ల పక్కన మూడు రోజులు నోరు మెదపకుండా నిలబడింది. నాలుగో రోజు కూడా ఎవరూ విసుక్కోలేదు, ఎవరూ కూర్చోమనలేదు. ఆమె రాగానే మాటలాపి, ఆమె వెళ్లగానే మొదలుపెట్టేవారు. చివరికి ఆమే అడిగింది.

"ఇక్కడ గుడ్డ ఇంత ఎందుకు వృథా అవుతోంది?"

కత్తెర పట్టుకున్నావిడ తల ఎత్తింది. "మాకేం తెలుసు మేడం? మేం చేతులతో పనిచేసేవాళ్లం." కాస్త ఆగి, "తాళాల బల్ల దగ్గర మా చిన్నత్త పనిచేసేది. ఊరు మారిపోయింది," అంది.

ఆమె ఆ సాయంత్రమే గొడుగుల యజమాని గదికి వెళ్లి, స్టాప్‌వాచ్ తీసి సంచిలో వేసుకుంది.

"మీ పని నావల్ల కాదండీ. మీవాళ్లు నాతో మాట్లాడటం లేదు. వాళ్లు మాట్లాడకపోతే నేను రాసేదంతా గాలి కబుర్లే. అది మీకు అంటగట్టలేను."

యజమాని విస్తుపోయాడు. "మరి ఎలాగండీ? ఈ చుట్టుపక్కల ఇంకెవరున్నారు? మీరు, లేకపోతే ఆ డాక్టరుగారు. ఆయన దుకాణం మూసేశాడటగా?"

"మూసేశాడు," అంది ఆమె.

ఆ మాట అంటున్నప్పుడు లోపల ఎక్కడో ఇంకా కొంచెం తియ్యగానే ఉంది. అలా ఉన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. రెండింటినీ వెంటబెట్టుకుని ఆమె గేటు వైపు నడిచింది. గుడ్డ కోసే షెడ్డు మీదుగానే వెళ్లాలి. ఆమె అడుగుల చప్పుడు వినబడగానే లోపల మాటలు ఆగిపోయాయి.